టీవీ హాల్లో నవ్వు – గదిలో మిత్రుడు



మన హాస్టల్ వార్షికోత్సవం అనగానే అందరికీ మొదట గుర్తుకొచ్చేది స్కిట్. ముఖ్య అతిథి ఏం మాట్లాడారో, శాలువా ఎవరికి కప్పారో ఏడాది తిరిగేసరికి మరచిపోతాం. కాని ఏ సంవత్సరం ఎవరు చీర కట్టి స్టేజీ ఎక్కారో, ఎట్లా నడిచారో, వెనుక నుంచి ఎవరు ఈల వేశారో పదేళ్లయినా చెప్పుకుంటాం. ఈ సంచికకు ఏదైనా రాయండన్నా అని తమ్ముళ్లు అడిగినప్పుడు పూర్వ విద్యార్థులమైన మేము నలుగురం ఒక ఆదివారం కొత్తపేటలో కలుసుకున్నాం. హాస్టల్ జ్ఞాపకాలు రాయడం సులువే. నీళ్ల చారు, ఆదివారం కోడికూర, వార్డెన్ సార్ కళ్లుగప్పి దిల్‌సుఖ్‌నగర్‌లో చూసిన సెకండ్ షో, ఇవన్నీ పేజీల కొద్దీ రాయవచ్చు. అయితే మాట్లాడుతూ పోగా మా నలుగురికీ గొంతులో అడ్డుపడిన విషయం ఒకటే. అది మేము ఒకప్పుడు నవ్విన నవ్వు. దాని గురించే ఈ వ్యాసం.

ఒక్క టీవీ, వందమంది ప్రేక్షకులు

మేము హాస్టల్లో చేరింది 2013లో. కొత్తపేట పండ్ల మార్కెట్ ఇంకా ఇక్కడే ఉన్న రోజులవి. మామిడి సీజన్‌లో రాత్రంతా లారీల చప్పుడు. పెద్ద రోడ్డు మీద మెట్రో పనులు. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రాత్రి అన్నం తిని, పళ్లెం కడిగి పెట్టి, కామన్ హాల్లో చాపలు పరచుకొని టీవీ ముందు కూర్చునేవాళ్లం. క్రికెట్ ఉంటే క్రికెట్, లేకుంటే పాత సినిమా. గురువారం రాత్రి మాత్రం రిమోట్ కోసం కొట్లాటే లేదు. ఆ సంవత్సరం ఫిబ్రవరిలోనే ఈటీవీలో జబర్దస్త్ మొదలయింది. పగలంతా కాలేజీలో ఇంగ్లీషు అర్థంకాక తలవంచుకొని కూర్చున్న మాకు ఆ గంటన్నర నిజంగానే పెద్ద ఊరట. ఆ కార్యక్రమం ఎందరో పేద కళాకారులకు అన్నం పెట్టింది, పేరు తెచ్చింది. ఆ మాట కాదనము.

ఆ టీవీ ముందు మాతోపాటు కూర్చున్నవాళ్లలో దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఉండేవాడు. పేరు రాయడం లేదు. డిగ్రీ మొదటి సంవత్సరం. మెత్తటి గొంతు, చేతులు తిప్పుతూ మాట్లాడే అలవాటు. ఈపాస్ స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపడంలో హాస్టల్ మొత్తానికీ అతనే దిక్కు. "అన్నా, నీ బ్యాంకు ఖాతా నంబర్ల ఒక సున్న తక్కువ పడ్డది, మళ్ల చూడు" అని అర్ధరాత్రి లేపి మరీ చెప్పేవాడు. ఆ సంవత్సరం మాలో ఇద్దరికి స్కాలర్‌షిప్ ఆగిపోకుండా వచ్చిందంటే అతని పుణ్యమే.

అతనికి మేము ఒక పేరు పెట్టాం. టీవీ స్కిట్‌లో చీర కట్టిన ఒక పాత్ర పేరు అది. మొదట ఒక గదిలో అన్నాం, తరువాత మెస్ లైన్లో, చివరికి హాస్టల్ అంతా అనసాగింది. అతని అసలు పేరు తెలియని జూనియర్లు కూడా ఆ పేరుతోనే పిలిచేవారు. ఇంకొంత హుషారు ఎక్కినవాళ్లు "తేడా" అనేవారు. ఆ మాట మనకు తెలిసినదే కదా! సినిమాలో కమెడియన్ అంటాడు, టీవీలో నటుడు అంటాడు, మనం నేర్చుకొని గదిలో పక్క మంచం మీద పడుకునేవాణ్ణి అంటాం.

వార్షికోత్సవం వచ్చింది. స్కిట్‌లో ఆడవేషం అతనే వేయాలని మేమే తీర్మానించాం. "నీకైతే మేకప్ గూడ అక్కర్లేదురా" అన్నది మాలో ఒకడే. "వద్దన్నా. ఇంటికాడ గూడ ఇదే, ఈడ గూడ ఇదేనా?" అని అతను అడిగాడు. అది కూడా మాకు జోకులాగే వినిపించింది. బలవంతంగా ఎక్కించాం. హాలు దద్దరిల్లింది. ముఖ్య అతిథి కూడా నవ్వారు. మా స్కిట్‌కు మొదటి బహుమతి, ఒక్కొక్కరికి ఒక స్టీలు డబ్బా.

ఆ తరువాత అతను అందరూ తినిపోయాక చివరన మెస్‌కు వచ్చేవాడు. టీవీ హాలుకు రావడం మానేశాడు. దసరా సెలవులకు ఊరికి పోయి తిరిగి వచ్చాడు గాని, సంక్రాంతికి పోయినప్పుడు ట్రంకు పెట్టె కూడా తీసుకొని పోయాడు. ఎందుకు పోయాడని మాలో ఒక్కరూ అడగలేదు. ఎందుకంటే జవాబు మాకు తెలుసు.

కథల్లో చోటు ఎవరికి?

ఇంతకూ అతను ఎవరు? స్వలింగ ప్రేమికుడా, ట్రాన్స్‌జెండరా, లేక మెత్తగా మాట్లాడే మామూలు అబ్బాయా? మాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం కూడా లేదు. అది అతను చెప్పాలనుకుంటే చెప్పే విషయం. మగవాణ్ణి ప్రేమించే మగవాడు, ఆడపిల్లను ప్రేమించే ఆడపిల్ల, పుట్టినప్పుడు రాసిన ఆడ మగ లెక్కతో తన మనసు కలవని మనిషి, వీళ్లందరినీ కలిపి నేడు క్వీర్ అంటున్నారు. ఇటువంటివారు మన ఊళ్లో ఉన్నారు, మన బడిలో ఉన్నారు, మన హాస్టల్లోనూ ఉన్నారు. లేనిది మన కుర్రకారు కథల్లోనే.

తెలుగులో కాలేజీ కథ అంటే మా తరానికి 2007లో వచ్చిన శేఖర్ కమ్ముల హ్యాపీ డేస్. టీవీలో ఎన్నిసార్లు వేసినా చూసేవాళ్లం. అందులో నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు, నాలుగు జంటలు. లెక్క సరిగ్గా సరిపోయింది. నిజజీవితంలో లెక్క అట్లా సరిపోదని మన హాస్టల్లో ఏ గది చూసినా తెలుస్తుంది. అందులో అప్పు అనే అమ్మాయి గుర్తుందా? పొట్టి జుట్టు, మగపిల్లల తీరు. ఆమె అంటే మా అందరికీ ఇష్టం. ఆలోచించండి. మగపిల్లాడిలా తిరిగే అమ్మాయి మనకు ముద్దు, ఆడపిల్లలా మెత్తగా ఉండే అబ్బాయి మాత్రం నవ్వులాట. ఎందుకు? మగతనం వైపు పోతే ఎక్కడం, ఆడతనం వైపు పోతే దిగడం అని మన మనసులో ఎవరో మెట్లు కట్టి పెట్టారు. మెట్లు కట్టి మనుషులను ఎక్కువ తక్కువలుగా నిలబెట్టడం ఎట్లా ఉంటుందో సంక్షేమ హాస్టల్ విద్యార్థికి ఒకరు చెప్పాలా?

ఇక మన సీరియళ్ల సంగతి. అత్తాకోడళ్ల కథలు వేల ఎపిసోడ్లు నడుస్తాయి. పదిహేను, పదహారేళ్ల పిల్లల మనసులో ఏముందో చెప్పే కథలే అరుదు. ఆ వయసు పిల్లవాడు "నేను అందరిలా లేనేమో" అని రాత్రిపూట భయపడే కథ అయితే మా హాస్టల్ టీవీలో ఒక్కటి కూడా చూసిన గుర్తు లేదు. చూసి ఉంటే ఆ తమ్ముడు ఒంటరినని అనుకునేవాడు కాదు. మేమూ అతణ్ణి అట్లా ఏడిపించేవాళ్లం కాదేమో.

ఇతర చోట్ల ఏం చేశారు?

అమెరికాలో 1994లో ఏబీసీ ఛానెల్‌లో మై సో కాల్డ్ లైఫ్ అనే సీరియల్ వచ్చింది. హైస్కూలు పిల్లల కథ. పందొమ్మిది భాగాలకే ఆగిపోయింది. అందులో రికీ అనే గే కుర్రవాడు ఉంటాడు. వాడు జోకు కాదు, కథానాయికకు స్నేహితుడు. క్రిస్మస్ రోజుల్లో ఇల్లు లేక చలిలో తిరుగుతాడు. చివరికి ఒక ఇంగ్లీషు మాస్టారు తన ఇంట్లో చోటిస్తాడు. ఆ వేషం వేసిన విల్సన్ క్రూజ్ నిజజీవితం కూడా అటువంటిదే. తాను గే అని చెప్పినందుకు తండ్రి అతణ్ణి ఇంట్లోంచి పంపేశాడు. ఆ క్రిస్మస్ భాగం టీవీలో చూసిన తరువాత తండ్రి మళ్లీ కొడుకుతో మాట కలిపాడని ఆయనే చెప్పుకున్నాడు. ఒక సీరియల్‌కు ఇంతకంటే ఏం కావాలి?

2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన హార్ట్‌స్టాపర్ బ్రిటన్ బడిపిల్లల కథ. చార్లీ, నిక్ అనే ఇద్దరు అబ్బాయిల ప్రేమ, వాళ్ల స్నేహబృందంలో ఎల్ అనే ట్రాన్స్ అమ్మాయి. అందులో ఎవరూ చావరు. రగ్బీ ఆడతారు, బర్గర్లు తింటారు, అలుగుతారు, కలుస్తారు. ఇటువంటి పిల్లలకు కూడా సుఖాంతం ఉంటుందని చూపడమే దాని గొప్ప.

మన దేశానికి వస్తే, 2023లో నెట్‌ఫ్లిక్స్‌లోనే క్లాస్ అనే హిందీ సీరీస్ వచ్చింది. స్పెయిన్‌వాళ్ల ఎలీట్‌కు ఇది మన రూపం. ఢిల్లీలో ధనికుల బడిలో సీటు దొరికిన ముగ్గురు పేద విద్యార్థుల కథ. వాళ్లలో ఒకడు ధీరజ్ వాల్మీకి, దళిత కుర్రవాడు. మరొక అమ్మాయి సబా, కశ్మీరీ ముస్లిం. ఆ సబా అన్న ఫరూక్‌కు, ధనికుల ఇంటి ధ్రువ్‌కు మధ్య ప్రేమ. హింస, మత్తు పదార్థాలు అందులో చాలా ఎక్కువ. అది పెద్దల కోసం తీసినది, కాబట్టి ఇంటర్ తమ్ముళ్లను చూడమని చెప్పము. అయితే కులం, మతం, పేదరికం, ఎవరిని ప్రేమించాలన్న స్వేచ్ఛ, ఇవన్నీ ఒకే తరగతి గదిలో కూర్చుంటాయని అది చూపించింది. హాస్టల్ గది కూడా అటువంటిదే కదా!

మన తెర మీద మంచే లేదా?

లేదంటే అబద్ధమవుతుంది. 2011లో లారెన్స్ తీసిన కాంచన టీవీలో ఎన్నిసార్లు చూసి ఉంటామో లెక్క లేదు. శరత్‌కుమార్ వంటి పెద్ద హీరో హిజ్రా పాత్ర వేశాడు. కన్నవాళ్లు వెళ్లగొట్టిన కాంచన, తనలాంటి ఇంకొక పిల్లను చేరదీసి డాక్టరును చేయాలని కష్టపడుతుంది. అంతవరకు నవ్విన మా హాలు అక్కడ నిశ్శబ్దమైపోయేది. ఆ కల సినిమాలోనే ఆగిపోలేదు. 2022లో మన ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ ప్రాచి రాథోడ్, డాక్టర్ రూత్ జాన్‌పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ మహిళలు ప్రభుత్వ వైద్యులుగా చేరారు. దానికి ముందు ప్రైవేటు ఆసుపత్రుల్లో తిరస్కారాలు చవిచూసినవారే వాళ్లు. 2024 డిసెంబరులో హైదరాబాద్‌లో 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా యూనిఫాం వేసుకున్నారు. ఒకప్పుడు సిగ్నల్ దగ్గర చేయి చాచి నిలబడిన మనిషి, నేడు అదే సిగ్నల్ దగ్గర చేయి చాపి బండ్లు ఆపుతున్నది.

2018లో ప్రశాంత్ వర్మ తీసిన అ! సినిమాలో ఒక అమ్మాయి తాను పెళ్లాడదలచిన మనిషిని అమ్మానాన్నలకు పరిచయం చేస్తుంది. వచ్చేది కూడా అమ్మాయే. ఈషా రెబ్బా, నిత్యా మీనన్ ఆ పాత్రలు వేశారు. 2019లో బిగ్‌బాస్ మూడో సీజన్‌లోకి తమన్నా సింహాద్రి వచ్చింది. 2021లో అయిదో సీజన్‌లో ప్రియాంక సింగ్ వచ్చింది. జబర్దస్త్‌లో ఆడవేషాలతో పేరు తెచ్చుకున్న కళాకారిణి ఆమె. మనం ఎవరి నడక చూసి నవ్వామో ఆమే వచ్చి ఇది వేషం కాదు, నా బతుకు అని ఇంటింటి టీవీలో చెప్పింది. నాన్నకు ఈ మాట చెప్పలేకపోయానని ఏడ్చింది. తరువాత ఆ తండ్రి వీడియోలో కనిపించి ఆమెను కూతురిగా ఒప్పుకున్నాడు. అమెరికా క్రిస్మస్ కథకు మన తెలుగు ఇంటి కథ ఏమీ తీసిపోలేదు. టీవీ ఒక పేరు పెట్టి ఏడిపించడం నేర్పగలదు, ఒక తండ్రిని బిడ్డ దగ్గరికీ తేగలదు. రెండూ చేయగలదని మేము కళ్లారా చూశాం.

మీరు అడగబోయే ప్రశ్నలు

"అన్నా, ఇదంతా విదేశీ సంస్కృతి కదా" అంటారు కొందరు. 1963లో వచ్చిన నర్తనశాల చూడండి. ఎన్.టి.ఆర్. బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పుతాడు. ఆ కథలో జనం నవ్వేది బృహన్నలను చూసి కాదు, ప్రగల్భాలు పలికి యుద్ధంలో వణికిపోయే ఉత్తరకుమారుణ్ణి చూసి. స్థానం నరసింహారావు గారు జీవితమంతా స్త్రీ పాత్రలు వేశారు. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా జడ వేసుకొని వస్తే ఊరు ఊరంతా కదిలి వచ్చేది. ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చి దేశం గౌరవించింది. కాబట్టి మగవాడు చీర కట్టడం తప్పని మేము అనడం లేదు. అది మన కళ. ఆ నవ్వు ఎవరి మీద పడుతున్నదన్నదే ప్రశ్న.

పైగా ఈ మనుషులు ఎక్కడినుంచో ఊడిపడలేదు. మన హైదరాబాద్‌లో నిజాం కాలంలోనే, 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం ఉంది. వాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. ఆడబట్టలు, నగలు వేసుకొని వీధిలో కనబడినా, ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్లదాకా జైలు. నేరస్థ జాతులని ముద్రవేసి రిజిస్టర్లలో ఎక్కించిన చరిత్ర మన ఇళ్లలో కొందరికి తెలిసినదే. ఇదీ అటువంటిదే. వైజయంతి వసంత మొగ్లి మొదలైనవారు 2018లో హైకోర్టుకెక్కారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది, ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇవ్వాలని కూడా చెప్పింది. వందేళ్లు దాటిన అవమానాన్ని తీసేసింది మన రాజ్యాంగమే. అంబేద్కర్ రాసిన ఆ రాజ్యాంగం మనకు ఒక్కరికే గొడుగు కాదు.

"ముందు మన సమస్యలు చాలా ఉన్నాయి కదా" అన్నది రెండో ప్రశ్న. నిజమే. బాత్‌రూముల్లో నీళ్లు, మెస్ బిల్లులు, స్కాలర్‌షిప్ బకాయిలు, దేనికదే పోరాటం. కాని హాస్టల్ వదిలిపోయిన ఆ తమ్ముడు మనవాడు కాదా? వాడి చదువు ఆగిపోవడం మన సమస్య కాదా? కులం పేరుతో అవమానిస్తే ఆందోళన చేసే మనం, నడక చూసి అవమానిస్తే నవ్వుతామా? 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడినవారిగా చూసి చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వమన్నది. అంటే రేపు మన పక్క మంచం మీదికి వచ్చే హక్కు వాళ్లకున్నది. 2016లో యూజీసీ ర్యాగింగ్ నిబంధనలను సవరించి, కులం, మతం వరుసలోనే లింగ గుర్తింపు, ఎవరిని ప్రేమిస్తారన్న విషయం కూడా చేర్చింది. కాలేజీ విద్యార్థిని "తేడా" అని ఏడిపించడం కూడా ర్యాగింగే. ఈ సంగతి చాలామంది సీనియర్లకు తెలియదు.

మూడోది, "సరదాకే కదా, ఇంత పట్టించుకోవాలా" అన్న మాట. దీనికి జవాబు మన యాసే చెబుతుంది. తెలుగు సినిమాల్లో తెలంగాణ యాస ఎన్నేళ్లు ఎవరి నోట వినిపించింది? రౌడీ నోట, కమెడియన్ నోట. సరదాకే అన్నారు. మొదటి రోజు కాలేజీలో నోరు విప్పగానే పక్కవాళ్లు పక్కున నవ్వితే మనకు ఎట్లా అనిపించింది? అది సరదాయేనా? తరువాత 2017లో ఫిదాలో బాన్సువాడ పిల్ల అదే యాసలో కథానాయికగా నిలబడింది. 2023లో బలగం ఆ యాసతోనే రాష్ట్రమంతా కన్నీళ్లు పెట్టించింది. మాట మారలేదు. మాట్లాడే మనిషికి కథలో దొరికిన చోటు మారింది. మనకు దక్కిన ఆ మర్యాద ఇంకొకరికి దక్కకుండా మనమే అడ్డం నిలబడితే ఎట్లా?

మళ్లీ కనిపించాడు

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు చెప్పింది. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య ప్రేమ నేరం కాదన్నది. అదే నెల 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్‌కు మెట్రో మొదలయింది. ఆ మరుసటి ఏడాది మాలో ఒకడు విక్టోరియా మెమోరియల్ స్టేషన్ మెట్ల మీద ఆ తమ్ముణ్ణి చూశాడు. ముందు పాత పేరే నోటిదాకా వచ్చింది. దాన్ని మింగి అసలు పేరుతో పిలిచాడు. అతను ఆగాడు, నవ్వాడు, బాగున్నావా అన్నా అని అడిగాడు. దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేశాడట, ఒక ఆఫీసులో లెక్కలు చూస్తున్నాడట. క్షమించమని అడగడానికి మావాడికి నోరు రాలేదు. పోయేముందు అతనే ఒక్క ప్రశ్న అడిగాడు. "హాస్టల్ల ఇంక ఆ స్కిట్ ఏస్తున్నరా అన్నా?"

వేస్తున్నారు. ఈ ఏడాది కార్యక్రమాల పట్టికలో కూడా ఉందని తెలిసింది. అందుకే ఈ సంచికలో ఈ వ్యాసం రాశాం.

మా మనవి

తమ్ముళ్లారా, ఈ ఏడాది ఆ స్కిట్ ఆపండి. స్కిట్లే వద్దని కాదు. బాగా నవ్వించండి. నీళ్ల చారు మీద నవ్వండి, మా వంటి సీనియర్ల మీద నవ్వండి, ఎన్నికలప్పుడు వచ్చి హామీలిచ్చి పోయేవాళ్ల మీద నవ్వండి. ఉత్తరకుమారులకు లోటు లేదు. ఎవరికైనా ఆడవేషం వేయాలని ఉంటే సంతోషంగా వేయనివ్వండి. వద్దన్నవాణ్ణి మాత్రం ఎక్కించకండి.

టీవీ వాళ్లు మన కథ తీసేదాకా ఆగనక్కరలేదు. మన స్టేజీ మన చేతిలోనే ఉంది. హాస్టల్ గదిలో నలుగురు మిత్రులు, అందులో ఒకడు అందరిలా లేనివాడు, వాణ్ణి ఊరికి పంపకుండా కాపాడుకున్న ముగ్గురు. పదిహేను నిమిషాల నాటిక చాలు. మీరు రాయండి, మేము వచ్చి ముందు వరుసలో కూర్చుంటాం.

మన గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాల పక్కన రేవతి ఆత్మకథ పెట్టండి. పి. సత్యవతి గారు ఒక హిజ్రా ఆత్మకథ పేరుతో తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ఆ ప్రతి ఖరీదు మేము నలుగురం భరిస్తాం.

వార్డెన్ సార్లకు కూడా ఒక విన్నపం. ఎవరైనా పిల్లవాడు చివరన తింటున్నాడంటే, టీవీ హాలుకు రావడం మానేశాడంటే ఒకసారి పిలిచి మాట్లాడండి. అమెరికా కథలో ఆ ఇంగ్లీషు మాస్టారు చేసిందీ అంతే. మనసు బరువెక్కినవాళ్లు 14416 టెలీ మానస్ నంబరుకు ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

చివరగా, ఈ పేజీ చదువుతూ "ఇది నా గురించేనా" అని మనసులో అనుకుంటున్న తమ్ముడు ఎవరైనా ఉంటే, నీకు ఒక్క మాట. ఎవరికీ ఏమీ చెప్పవలసిన పని లేదు. పెట్టె సర్దకు. చదువు ఆపకు. ఈ హాస్టల్ మాది ఎంతో నీది అంతే. ఒకప్పుడు ఆ మాట చెప్పవలసిన చోట మేము నవ్వాం. ఆ స్టీలు డబ్బా ఇంకా మాలో ఒకరి ఇంట్లో ఉంది. చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది.

ఈ ఏటి వార్షికోత్సవం ఎవరికీ అటువంటి జ్ఞాపిక ఇవ్వకూడదని కోరుకుంటూ,

జై భీమ్!

మీ పూర్వ విద్యార్థులు